మూడు టైర్లు ఎందుకు ఎక్కలేదు: మిర్యాలగూడ లారీ యజమాని లెక్క

2016 నవంబరు చివర్లో, పెద్ద నోట్ల రద్దు వల్ల కిరాయిలు దొరక్క బండ్లన్నీ రైసు మిల్లుల ముందు వరుసగా నిలిచిపోయిన రోజుల్లో, ఎలాగూ ఖాళీయే కదా, టైర్ల పని చూసుకుందామని మా పది టైర్ల లారీ వెనుక ఇరుసు మీదున్న నాలుగు చైనా రేడియల్ టైర్లను విప్పించి మిర్యాలగూడ శివారులోని ఒక రీట్రేడింగ్ షెడ్డుకు పంపాను. నాలుగూ పూర్తిగా గుండయ్యాయి. కొత్త రబ్బరు వేయించి ఇంకో ఏడాది తిప్పుకోవచ్చుననేది నా లెక్క. మూడో రోజు షెడ్డు నుంచి ఫోన్ వచ్చింది. కొత్త రబ్బరు ఒకదానికి మాత్రమే ఎక్కుతుందట, మూడింటికి ఎక్కదట.

ఆ మాట నమ్మబుద్ధి కాక నేనే వెళ్లాను. షెడ్డులో పనిచేసే పెద్దాయన ఒక టైరును స్ప్రెడరు మీదికెక్కించి, దాని రెండు అంచులను ఇనుప కొక్కేలతో దూరంగా లాగి, లోపలికి బల్బు దించాడు. బయటి నుంచి చూస్తే ఆ టైరు పక్క గోడ నున్నగా, ఎక్కడా గీత కూడా లేకుండా ఉంది. లోపల మాత్రం భుజానికి కాస్త కింద ఒక జానెడు మేర రబ్బరు ముడతలు పడి, తడితే మెత్తగా తగిలింది. "చెయ్యి పెట్టి సూడు సేటు, తీగ గుచ్చుకుంటది. గాలి తక్కువున్నా తోలిండ్రు. దీనికి రబ్బరేసి గాలి కొడితే జిప్పు లెక్క తెరుసుకుంటది, కొట్టెటోని పానం పోతది" అన్నాడు. నేను చెయ్యి పెట్టాను, నిజంగానే గుచ్చుకుంది. మిగతా రెండింటిలో ఒకదానికి అంచు దగ్గర లోపలి తీగల గూడు విడిపోయింది, మరొకదానికి నడినెత్తిన మేకు దిగిన చోటు నుంచి నీరు చేరి లోపలి ఉక్కు తీగలు తుప్పుపట్టాయి.

టైర్ల అంతర్జాతీయ వాణిజ్యం గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే. పత్రికల్లో వచ్చే వార్తలన్నీ ఎన్ని టైర్లు దిగుమతి అయ్యాయి, టన్నుకు ఎంత సుంకం వేశారు అనే దగ్గరే ఆగిపోతాయి. లారీ నడిపేవాడు కొనేది మాత్రం నిజానికి పైనున్న రబ్బరు కాదు, దాని కింద ఉన్న ఉక్కు తీగల గూడు. దాన్నే మేము కేసింగ్ అంటాము. రబ్బరు అరిగితే మళ్లీ వేసుకోవచ్చు, కేసింగ్ పోతే టైరు పోయినట్టే. గత పదేళ్లలో బస్సు, లారీ టైర్ల మీద దేశాల మధ్య నడిచిన తగాదాలను ఈ కేసింగ్ వైపు నుంచి చూస్తే తప్ప అవి సరిగా అర్థం కావని నా అభిప్రాయం.

ముందు నా పుస్తకంలోని లెక్క చెబుతాను. ఇవి నా బండి లెక్కలు, ఎవరి సర్వేలూ కావు. అప్పట్లో మన దేశపు పేరున్న కంపెనీ టెన్-ట్వంటీ సైజు రేడియల్ నాకు సుమారు 18 వేలకు పడేది, చైనా టైరు 13,500కు దొరికింది. రీట్రేడింగుకు దాదాపు 5 వేలు. మన టైరు వెనుక ఇరుసు మీద 75 వేల కిలోమీటర్లు, ఒక్కో రీట్రేడింగు తర్వాత 45 వేల చొప్పున తిరుగుతుందనుకుంటే, రెండుసార్లు ఎక్కించిన టైరు మొత్తం ఖర్చు 28 వేలు, తిరిగిన దూరం లక్షా 65 వేల కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకు 17 పైసలు. 60 వేలు తిరిగి ఇక ఎక్కని చైనా టైరు కిలోమీటరుకు ఇరవై రెండున్నర పైసలు. అదే చైనా టైరు ఒక్కసారి ఎక్కినా ఖర్చు 18,500, దూరం లక్షా 5 వేలు, కిలోమీటరుకు పదిహేడున్నర పైసలు. చూడండి, ఒక్కసారి ఎక్కితే తేడా దాదాపు మాయమవుతుంది. ఎక్కకపోతే కిలోమీటరుకు అయిదున్నర పైసలు నష్టం. పది టైర్ల బండి ఏడాదికి 80 వేల కిలోమీటర్లు తిరిగితే అది 44 వేల రూపాయలు. మా ప్రాంతంలో ఒక బండికి ఏడాది ఇన్సూరెన్సు ప్రీమియంలో చెప్పుకోదగ్గ భాగం అది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ మూడు టైర్లు పాడవడం పూర్తిగా చైనా కంపెనీ తప్పు కాదు. టైరు పక్క గోడ మీద 146/143కె అని అచ్చు పోసి ఉంటుంది. ఒంటరిగా వేస్తే 3,000 కిలోలు, జంటగా వేస్తే ఒక్కోటి 2,725 కిలోలు మోస్తుందని, గంటకు 110 కిలోమీటర్ల వేగం వరకు ఆగుతుందని దాని అర్థం. వెనుక ఎనిమిది టైర్లకు కలిపి 21,800 కిలోలు. వాడపల్లి నుంచి సిమెంటు, మిర్యాలగూడ నుంచి బియ్యం ఎత్తేటప్పుడు ఆ గీత దగ్గర ఆగిన బండి ఆ కాలంలో ఎన్ని ఉన్నాయో చెక్‌పోస్టు వాళ్లకు తెలుసు, మాకూ తెలుసు. పైగా అద్దంకి రోడ్డు మీద రాత్రిపూట జంట టైర్లలో లోపలిది గాలి దిగిపోయినా డ్రైవరుకు తెలియదు. కర్రతో కొట్టి చూసే అలవాటు ఉన్నవాడికే తెలుస్తుంది. అయితే మన కంపెనీ టైరు అదే బరువు మోసి, అదే డ్రైవరు చేతిలో తిరిగి కూడా షెడ్డులో ఎక్కింది కదా అన్నది నా ప్రశ్న. ఇంకొక తేడా క్లెయిమ్ దగ్గర వచ్చింది. మన కంపెనీ టైరు తయారీ లోపంతో పోతే డీలరు దాన్ని కంపెనీకి చూపించి, మిగిలిన రబ్బరు లోతును కొలిచి ఆ మేరకు డబ్బు తగ్గించి కొత్తది ఇస్తాడు. నాకు ఆ టైర్లు అమ్మిన హైదరాబాదు దుకాణానికి ఆరు నెలల తర్వాత వెళితే అక్కడ బోర్డే మారిపోయింది, లోపల బాత్రూం టైల్స్ అమ్ముతున్నారు.

అసలు అంత చవగ్గా అవి ఎలా వచ్చాయి? సహజ రబ్బరు ధర కేరళ మార్కెట్లో 2011లో కిలో 240 రూపాయలకు చేరి, 2016 ఆరంభానికి వందకు లోపల పడిపోయింది. లారీ టైరులో సహజ రబ్బరు వాటా కారు టైరులో కంటే ఎక్కువ, కాబట్టి ధర పడితే ముందు చవకయ్యేది లారీ టైరే. చైనాలో, ముఖ్యంగా షాన్‌డాంగ్ రాష్ట్రంలో, అవసరానికి మించి పెట్టిన ఫ్యాక్టరీలు అప్పటికే సరుకు ఎక్కడ అమ్మాలా అని చూస్తున్నాయి. మన దగ్గర అదే సమయంలో లారీలు నైలాను దారాల గూడున్న పాత రకం టైర్ల నుంచి ఉక్కు తీగల గూడున్న రేడియల్ టైర్లకు మారుతున్నాయి. కొత్తగా రేడియల్‌కు మారేవాడికి పేరు మీద మమకారం ఉండదు, ధర ఒక్కటే కనిపిస్తుంది. నలభై అడుగుల కంటెయినరులో ఇలాంటి టైర్లు రెండు వందల నలభై దాకా పడతాయి. ఓడ కిరాయి వాటన్నిటి మీద పంచుకుంటే టైరుకు పడే భారం చాలా తక్కువ.

మన టైర్ల కంపెనీల సంఘం ఫిర్యాదు చేయగా విచారణ జరిగి, 2017 సెప్టెంబరులో కేంద్రం చైనా బస్సు, లారీ రేడియల్ టైర్ల మీద అయిదేళ్ల పాటు యాంటీ డంపింగ్ సుంకం వేసింది. తన దేశంలో అమ్మే ధర కంటే తక్కువకు బయట అమ్మే సరుకు మీద వేసే సుంకం అది. కంపెనీని బట్టి టన్నుకు 245.35 డాలర్ల నుంచి 452.33 డాలర్ల వరకు. ఈ అంకెలు చదివి చాలామంది బోల్తా పడ్డారు, నేనూ పడ్డాను. టన్నుకు అంత అంటే భారీగా అనిపిస్తుంది. కానీ టెన్-ట్వంటీ టైరు బరువు సుమారు 55 కిలోలనుకుని, అప్పటి 64 రూపాయల డాలరు ధరతో గుణిస్తే, ఒక టైరు మీద పడేది 860 రూపాయల నుంచి 1,600 రూపాయల మధ్య మాత్రమే. నేను కొన్నప్పటి ధర తేడా 4,500. గోడ కట్టారు గాని అది నడుము ఎత్తే వచ్చింది. ఆ తర్వాత చైనా ప్రభుత్వం తన ఫ్యాక్టరీలకు ఇచ్చే సబ్సిడీలకు విరుగుడుగా 2019 జూన్‌లో 9.12 నుంచి 17.57 శాతం వరకు ఇంకో సుంకం వేశారు. 2020 జూన్ 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేటు కొత్త టైర్ల దిగుమతినే నియంత్రిత జాబితాలోకి చేర్చి, లైసెన్సు ఉంటే తప్ప తేకూడదన్నది. దుకాణాల్లో తెలియని పేర్ల టైర్లు నిజంగా కనుమరుగైంది ఆ ఉత్తర్వుతోనే. మొదటి సుంకంతో మాత్రం కాదు.

యూరప్ వేసిన గోడ వేరు. 2018 అక్టోబరులో యూరోపియన్ కమిషన్ చైనా బస్సు, లారీ టైర్ల మీద వేసిన సుంకం శాతాల్లో లేదు, టన్నుల్లో లేదు, టైరుకు ఇంత అని ఉంది: 42.73 యూరోల నుంచి 61.76 యూరోల దాకా. మన రూపాయల్లో అది అప్పటికి సుమారు 3,600 నుంచి 5,200. నా పుస్తకంలోని 4,500 తేడాలో చాలావరకు, పై రేటు దగ్గరైతే పూర్తిగా, ఇది మింగేస్తుంది. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఆ ఉత్తర్వు కొత్త టైర్లతో పాటు రీట్రేడ్ చేసిన టైర్లను కూడా ఒకే సరుకుగా లెక్కగట్టింది. లోడ్ ఇండెక్స్ (పైన చెప్పిన 146 లాంటి బరువు అంకె) 121 దాటిన బస్సు, లారీ టైరు కొత్తదైనా పాతదానికి రబ్బరు వేసినదైనా ఒకటే పద్దు. ఇలా ఎందుకు కలిపారో చదివినప్పుడు నాకు మా షెడ్డు పెద్దాయన గుర్తొచ్చాడు. యూరప్‌లో లారీ టైర్ల మార్కెట్టు మెట్లు మెట్లుగా ఉంది. పై మెట్టు మీద రెండు మూడు సార్లు ఎక్కించగల కేసింగున్న ఖరీదైన టైర్లు, అడుగు మెట్టులో చవక కొత్త టైర్లు, వాటి పక్కనే రీట్రేడ్ చేసిన టైర్లు. రీట్రేడింగు ధరకే కొత్త చైనా టైరు వస్తుంటే ఎవరూ పాత కేసింగుకు రబ్బరు వేయించరు. చిన్న చిన్న రీట్రేడింగు షెడ్లు మూతపడతాయి. షెడ్లు మూతపడితే ఖరీదైన టైరు కొనడంలో ఉన్న లాభమే పోతుంది, ఎందుకంటే దాని కేసింగును ఎక్కించేవాడే ఉండడు. అడుగు మెట్టులో మొదలైన దెబ్బ ఈ దారిలో పై మెట్టు దాకా వెళుతుంది.

ఈ వాదన కోర్టులో తేలిగ్గా నిలబడలేదు. 2022 మే నెలలో యూరోపియన్ యూనియన్ జనరల్ కోర్టు, కమిషన్ ధరలను పోల్చిన పద్ధతి సరిగా లేదంటూ కేసు వేసిన చైనా సంఘాల తరఫు కంపెనీల వరకు ఆ సుంకాలను కొట్టేసింది. కమిషన్ లెక్కలు మళ్లీ చేసి 2023లో తిరిగి విధించింది. కేసింగు గురించిన తర్కం సరైనదే అయినా దాన్ని రూపాయి అణా పైసల్లో నిరూపించడం కష్టమని నాకు దీన్నుంచి తెలిసింది. నా పుస్తకంలో కూడా 60 వేల కిలోమీటర్లు అన్న అంకె నా డ్రైవరు చెప్పిందే కదా.

రీట్రేడ్ టైర్ల మీద ఇంతకంటే పెద్ద తగాదా ఒకటి ప్రపంచ వాణిజ్య సంస్థ దాకా వెళ్లింది. అది మా ఊరి మున్సిపాలిటీ వాళ్లకు బాగా అర్థమయ్యే తగాదా. బ్రెజిల్ రీట్రేడ్ చేసిన టైర్ల దిగుమతిని నిషేధించింది. దానికి చెప్పిన కారణం దోమలు. పారేసిన టైరులో వాననీరు నిలుస్తుంది, అందులో డెంగీ దోమ గుడ్లు పెడుతుంది, గుట్టలుగా పోసిన టైర్లు అంటుకుంటే రోజుల తరబడి విషపు పొగ వస్తుంది. యూరప్‌లో ఇక తిప్పడానికి వీల్లేని టైర్లకు రబ్బరు వేసి మా దేశానికి పంపితే అవి మిగతా వాటికంటే త్వరగా చెత్త అవుతాయి, ఆ చెత్త మాకెందుకు అన్నది బ్రెజిల్ వాదన. యూరప్ ఫిర్యాదు చేసింది. 2007 డిసెంబరులో ఆ సంస్థలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీ తీర్పు వచ్చింది. ప్రజల ఆరోగ్యం కోసం ఇలాంటి నిషేధం అవసరమేనని ఆ తీర్పు ఒప్పుకుంది. ఒక వర్ధమాన దేశం తన చెత్త గురించి చెప్పిన మాటను ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

అయినా బ్రెజిల్ ఓడిపోయింది. ఎలాగంటే, పక్కనున్న మెర్కోసూర్ వాణిజ్య కూటమి దేశాల నుంచి వచ్చే రీట్రేడ్ టైర్లకు మాత్రం ఆ నిషేధం వర్తించలేదు. పైగా బ్రెజిల్‌లోని రీట్రేడింగు కంపెనీలు అక్కడి కోర్టుల నుంచి స్టేలు తెచ్చుకుని, విదేశాల నుంచి వాడేసిన టైర్లను కేసింగుల కోసం దిగుమతి చేసుకుంటూనే ఉన్నాయి. రబ్బరు వేసిన టైరు వద్దు, రబ్బరు లేని కేసింగు మాత్రం కావాలి అంటే దోమ ఒప్పుకుంటుందా? తీర్పు సారాంశం అదే: నిషేధం తప్పు కాదు, దాన్ని అమలు చేసిన తీరులో వివక్ష ఉంది. ఆ తర్వాత 2009లో బ్రెజిల్ సుప్రీం కోర్టు వాడేసిన టైర్ల దిగుమతికి కూడా తలుపు మూసింది. నాకు ఈ కేసులో నచ్చిన సంగతి ఏమిటంటే, పాత కేసింగు ఒకడి చేతిలో ముడిసరుకు, ఇంకొకడి పెరట్లో చెత్త అని అందరూ ఒప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో కూడా విదేశీ పాత టైర్లను వేడిచేసి నూనె తీసే ఫ్యాక్టరీల కోసం తేవడాన్ని 2022 నిబంధనలు నిషేధించాయి. ఆ నిబంధన రావడానికి చాలా ఏళ్లు ఆలస్యమైంది.

అమెరికా కథ క్లుప్తంగా చెబుతాను. అక్కడ 2016లో, టైర్ల ఫ్యాక్టరీల కార్మికులు కూడా సభ్యులుగా ఉన్న ఉక్కు కార్మికుల యూనియన్ ఫిర్యాదు చేసింది. 2017 ఫిబ్రవరిలో వాణిజ్య కమిషన్ సభ్యులు మూడు-రెండు ఓట్లతో స్థానిక పరిశ్రమకు నష్టం లేదని తేల్చారు. యూనియన్ కోర్టుకు వెళ్లగా, కోర్టు దాన్ని తిప్పి పంపింది. 2019లో అదే కమిషన్ మాట మార్చుకోగా సుంకాలు పడ్డాయి. ఈలోగా చైనా కంపెనీలు థాయిలాండ్, వియత్నాం, సెర్బియా వంటి చోట్ల ఫ్యాక్టరీలు పెట్టుకున్నాయి. 2024లో అమెరికా థాయిలాండ్ లారీ టైర్ల మీద కూడా సుంకం వేసింది. నీరు పల్లమెరుగు. గట్టు ఒకచోట వేస్తే ఇంకొకచోట నుంచి పారుతుంది. మాకు కూడా 2018 తర్వాత దుకాణాల్లో 'మేడిన్ థాయిలాండ్' అని అచ్చున్న టైర్లు కనిపించడం మొదలైంది. వాటిలో కొన్ని కేసింగులు షెడ్డులో బాగానే ఎక్కాయని చెప్పాలి. కంపెనీ ఏ దేశానిది అన్నదానికంటే ఏ ఫ్యాక్టరీలో ఎలా కట్టారు అన్నది ముఖ్యమని పెద్దాయన అంటాడు.

ఇంతవరకు చదివినవారు నేను సుంకాల పక్షం అనుకోవచ్చు. కాదు. దిగుమతి ఆగితే మన కంపెనీల ధర ఎవరు అదుపులో పెడతారన్నది లారీ యజమానికి నిద్రపట్టనివ్వని ప్రశ్న. కంపెనీల మధ్య పోటీ సక్రమంగా ఉందా అని చూసే మన కాంపిటీషన్ కమిషన్ 2018 ఆగస్టులో ఇచ్చి, 2022 ఫిబ్రవరిలో బయటపెట్టిన ఒక ఉత్తర్వులో, బస్సు, లారీ నైలాను టైర్ల ధరలను కూడబలుక్కుని పెంచాయంటూ అయిదు పెద్ద కంపెనీలకూ వాటి సంఘానికీ కలిపి 1,788 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. 2022 డిసెంబరులో అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వును పునఃపరిశీలించాలని కమిషన్‌కే తిప్పి పంపింది. కాబట్టి దోషులెవరో నేను తేల్చను. కానీ ఒకే సంఘం ఒక కార్యాలయంలో చవక సరుకు బాధితురాలిగా, ఇంకొక కార్యాలయంలో నిందితురాలిగా నిలబడిందన్నది రికార్డులో ఉన్న మాట. పది టైర్ల బండికి రెండు మూడు ఏళ్లకొకసారి రెండు లక్షల రూపాయలు పెట్టి టైర్లు కొనేవాడికి ఈ రెండు సంగతులూ కలిపి చూసే హక్కు ఉంది.

కంపెనీల వైపు కూడా ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది. మన దేశంలో 2023-24లో సహజ రబ్బరు ఉత్పత్తి ఎనిమిదిన్నర లక్షల టన్నులకు కాస్త పైన, వాడకం 14 లక్షల టన్నుల పైన. మిగతాది బయటి నుంచి రావలసిందే. దాని మీద దిగుమతి సుంకం 25 శాతం లేదా కిలోకు 30 రూపాయలు, ఏది తక్కువైతే అది. తయారైన టైరు మీద మామూలు సుంకం అంతకంటే తక్కువ. ఆసియాన్ ఒప్పందంలో రబ్బరుకు రాయితీ లేదు, టైరుకు ఉందని కంపెనీలు ఎన్నేళ్లుగానో మొత్తుకుంటున్నాయి. పిండి మీద పన్ను ఎక్కువ, రొట్టె మీద తక్కువ అన్నట్టు ఉంటుంది ఈ అమరిక. కానీ ఆ 25 శాతం తీసేస్తే కొట్టాయంలో, త్రిపురలో రెండెకరాల రబ్బరు తోట ఉన్న రైతు ఏమవుతాడు? మా దగ్గర పత్తి రైతును చూసినవాడు ఆ సుంకం తీసేయమని సులువుగా అనలేడు. 2024 ఆగస్టులో రబ్బరు కిలో మళ్లీ 240 దాటినప్పుడు టైర్ల ధరలు పెరిగాయి, నేను తిట్టుకున్నాను. ఆ ధర మాత్రం పదమూడేళ్ల తర్వాత ఆ రైతుకు దక్కింది.

ఎగుమతి సంగతి కూడా ఒక మాట. మనమూ ఊరికే కూర్చోలేదు. 2024-25లో భారత టైర్ల ఎగుమతులు 25 వేల కోట్ల రూపాయలు దాటాయి, అందులో పెద్ద గిరాకీ అమెరికాది. చైనా మీద గోడలు కట్టినచోటల్లా మన సరుకుకు కాస్త సందు దొరికింది. అయితే 2017లో అమెరికా మన దేశపు గనుల, పొలాల యంత్రాల టైర్ల మీద కూడా సబ్సిడీ సుంకం వేసింది. అంటే అక్కడి కాగితాల్లో మనం చైనా స్థానంలో ఉన్నాము.

నాలాంటివాడికి వీటన్నిటికంటే నేరుగా తగిలేది జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పెద్ద రవాణా కంపెనీకి అది కాగితాల్లో ఇటు నుంచి అటు మారే అంకె, కట్టిన పన్నును తిరిగి రాబట్టుకుంటుంది. ఒకటి రెండు బండ్లతో కిరాయికి తోలే మాకు ఆ వెసులుబాటు లేదు, కట్టిన పన్ను కట్టినట్టే. కాబట్టి ఆ పది శాతం మాకు నికరమైన మిగులు. ఆ ఒక్క తగ్గింపు మీద టైరుకు నాకు మిగిలింది, 2017 నాటి యాంటీ డంపింగ్ సుంకం టైరుకు వేసినదానికంటే ఎక్కువ. దాని గురించి మాత్రం మా లారీ యూనియన్ ఆఫీసులో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. చైనా పేరు లేని వార్తకు చర్చ తక్కువ.

ఇప్పుడు నేను టైరు కొనేటప్పుడు చూసే పద్ధతి మారింది. ముందు పక్క గోడ మీద ఐఎస్ఐ గుర్తు చూస్తాను. దిగుమతి టైరుకైనా అది తప్పనిసరి. తర్వాత నాలుగంకెల తేదీ చూస్తాను. 3124 అని ఉంటే 2024లో ముప్పై ఒకటో వారంలో చేశారని అర్థం. గోదాములో రెండేళ్లు పడున్న టైరు ఎంత చవకైనా నాకు వద్దు. ఆ తర్వాత దుకాణదారుడిని కాకుండా షెడ్డు పెద్దాయనను అడుగుతాను, ఈ మోడలు కేసింగు ఎన్నిసార్లు ఎక్కుతోందని. ఆయన దగ్గర ఏ పుస్తకమూ లేదు. పది టైర్లు వస్తే ఎన్ని వెనక్కి పంపాడో నోటి లెక్క. ఆర్టీసీకి సొంత రీట్రేడింగు షాపులు ఉన్నాయి, అక్కడ ప్రతి టైరుకూ ఒక నంబరు, ఒక చరిత్ర ఉంటాయి. ముందు చక్రాలకు కొత్తవి వేసి, అరిగాక రబ్బరు వేయించి వెనక్కి మారుస్తారు. మాలాంటి చిల్లర యజమానులకు ఆ క్రమశిక్షణ లేదు, పెద్దాయన జ్ఞాపకమే మాకు ఆ రికార్డు.

ఆ 2016 నాటి నాలుగు టైర్లలో ఎక్కిన ఒక్కటి ఇంకో 40 వేల కిలోమీటర్లు తిరిగి, నార్కట్‌పల్లి దాటాక ఒక మధ్యాహ్నం పగిలింది. ఎక్కని మూడింటిలో రెండు తుక్కు కింద పోయాయి. మూడోది మా పంచరు షాపు చాచా అడిగి తీసుకున్నాడు. దాన్ని రోడ్డు పక్కన నిలువుగా సగం పాతి, సున్నం పూసి, ఎర్ర రంగుతో 'పంచర్' అని రాయించాడు. ప్రతి వానాకాలం మున్సిపాలిటీ వాళ్లు వచ్చి దాని కడుపులో నిలిచిన నీళ్లు చూసి జరిమానా వేస్తామని బెదిరిస్తారు. పోయిన ఏడాది నేనే చెప్పాను, అటూ ఇటూ రంధ్రాలు పొడిస్తే నీరు దిగిపోతుంది కదా చాచా అని. రెండు పడ్డాయి. మూడోదానికి డ్రిల్లు పెడితే లోపలి ఉక్కు తీగ తగిలి బిట్టు విరిగింది. "గిప్పుడు సూడు ఎంత గట్టిగున్నదో" అని చాచా నన్ను చూసి నవ్వాడు.